‘త’ అనవలసిన చోట ‘ట’ అన్నాను: మౌత్ ఆర్గాన్, ఊపిరి, మన వర్ణమాల

మా ఇంటి బీరువాలో ఒక సొరుగు నిండా మూగబోయిన మౌత్ ఆర్గాన్లు ఉన్నాయి. మొత్తం ఏడు. వాటిలో ఐదింటికి వచ్చిన జబ్బు ఒక్కటే: నాలుగో రంధ్రంలో గాలి పీల్చినప్పుడు పలకవలసిన స్వరం ముందు కొద్దిగా శ్రుతి దిగి, ఆ తరువాత గరగరలాడి, చివరకు పలకడమే మానేసింది. మొదటిది చెడినప్పుడు సరుకు నాసిరకమనుకున్నాను. రెండోది చెడినప్పుడు నా రాత అనుకున్నాను. మూడోది మాత్రం నెల జీతంలో చెప్పుకోదగ్గ భాగాన్ని మింగిన వాద్యం కాబట్టి, అది పోయినప్పుడు కూర్చుని ఆలోచించక తప్పలేదు. లోపల ఉన్నవి సన్నని ఇత్తడి రేకులు. ఒక కొన బిగించి, రెండో కొన వదిలేసిన ఆ రీడు గాలి తగిలినప్పుడల్లా సెకనుకు కొన్ని వందల సార్లు ఊగుతుంది. అవసరానికి మించిన గాలితో ఊపితే లోహం అలసిపోయి, కంటికి కనబడని బీట పడుతుంది. పాటలు ఎక్కువగా తిరిగేది మధ్య సప్తకంలో కాబట్టి నాలుగు, ఐదు రంధ్రాల పీల్చే రీడ్లు ఎవరి చేతిలోనైనా ముందు పోతాయన్నది నిజమే. కానీ నా చేతిలో పోయినంత త్వరగా పోవు. తప్పు నా ఊపిరిదేనని, అది చాలకపోవడం వల్ల కాక మితిమీరడం వల్ల వచ్చిన తప్పని తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది చెప్పడానికి చిన్నదే. మౌత్ ఆర్గాన్ ఊపిరి బలంతో వాయించే వాద్యమని మనలో పాతుకుపోయిన అభిప్రాయం తప్పు. దానికి కావలసింది ఉచ్చారణ. ఆ ఉచ్చారణ నేర్చుకోవడానికి తెలుగువాడికి ఇంగ్లీషు పాఠాల కంటే ఒకటో తరగతిలో వల్లె వేసిన వర్ణమాల ఎక్కువ పనికి వస్తుంది.

నాకు మొదటి మౌత్ ఆర్గాన్ నాంపల్లి నుమాయిష్‌లో నాన్నగారు కొనిపెట్టారు. తెలుగు ఇళ్లలో కనబడే చాలా మౌత్ ఆర్గాన్ల మాదిరే అదీ 24 జతల రంధ్రాలు, 48 రీడ్లు ఉన్న ట్రెమొలో రకం. అందులో ఒక్కొక్క స్వరానికి రెండేసి రీడ్లు, ఒకదానికొకటి వెంట్రుకవాసి శ్రుతి తేడాతో ఉంటాయి. ఆ తేడా వల్లనే దాని నాదం వణుకుతున్నట్టు వినిపిస్తుంది. తరువాత నాకు పాఠం చెప్పిన వారొకరు కాగితం మీద అంకెలూ బాణాలూ గీసి ఇచ్చేవారు: పైకి బాణం ఉంటే ఊదాలి, కిందికి ఉంటే పీల్చాలి. పాట రాకపోతే ఆయన ఇచ్చే సలహా ఎప్పుడూ ఒక్కటే, ‘ఇంకొంచెం దమ్ము పెట్టు.’ మన భాషలో దమ్ము అంటే ఊపిరీ, ధైర్యమూ రెండూ కావడం వల్ల ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. దమ్ము చాలలేదని ఎవరొప్పుకుంటారు? నేనూ పెట్టాను. ఆ దమ్ము ఖరీదే బీరువా సొరుగులో ఉంది.

దమ్ము సిద్ధాంతం మీద నాకు మొదట అనుమానం కలిగించింది ఇద్దరు కళాకారుల జీవితాలు. బెల్జియంలో 1922లో పుట్టి, జాజ్ సంగీతంలో క్రొమాటిక్ హార్మోనికాకు (పన్నెండు స్వరస్థానాలూ పలికే మౌత్ ఆర్గాన్‌కు) సాటిలేని పేరు తెచ్చిన టూట్స్ థీలెమాన్స్‌కు చిన్ననాటి నుంచీ ఉబ్బసం. ఆ ఊపిరితిత్తులతోనే ఆయన తొంభై దాటేదాకా వేదికల మీద వాయించారు. అమెరికాలో నాష్‌విల్ రేడియో శ్రోతలను కట్టిపడేసిన డిఫర్డ్ బెయిలీ మూడేళ్ల వయసులో పోలియో బారిన పడ్డారు; పెద్దయ్యాక కూడా ఆయన ఎత్తు ఐదు అడుగులకు తక్కువే. 1927లో ఆయన ఒంటరిగా రికార్డు చేసిన రైలు అనుకరణలో ఇంజను కదలడం, వేగం అందుకోవడం, కూత పెట్టడం అన్నీ పది రంధ్రాల వాద్యంలోంచే వస్తాయి. శ్రద్ధగా వింటే అందులో గట్టిగా ఊదిన చోటు దాదాపు కనబడదు. రైలు బరువంతా నాలుక మోస్తోంది.

శరీరశాస్త్రం ప్రకారం చూసినా దమ్ము వాదం నిలవదు. మామూలుగా కూర్చున్నప్పుడు మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు 500 మిల్లీలీటర్లు. పెద్దవాడు పూర్తిగా పీల్చి పూర్తిగా వదిలితే అది నాలుగైదు లీటర్లు. ఒక్క రీడును చక్కగా పలికించడానికి మాటాడేటప్పుడు వాడే గాలిపాటి చాలు. మరి కొత్తవారు రెండు నిమిషాలకే ఎందుకు ఆయాసపడతారు? ఈ ప్రశ్నకు నేను చాలాకాలం తప్పు జవాబు చెప్పుకున్నాను. వేణువులోనూ నాదస్వరంలోనూ గాలి అయిపోతుంది, ఆగి పీల్చుకుంటాం. మౌత్ ఆర్గాన్‌లో పీల్చినా స్వరం పలుకుతుంది కాబట్టి, పీల్చే స్వరాలు ఎక్కువగా ఉన్న చోట గాలి అయిపోదు, పేరుకుపోతుంది. ఊపిరి ఆడని బాధకు కారణం రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. తిత్తులు నిండుగా ఉన్నా అది వదలకపోతే ఉక్కిరిబిక్కిరి తప్పదు. నేర్చుకునేవాడు ఆ ఉక్కిరిబిక్కిరిని గాలి చాలకపోవడమనుకుని ఇంకా పీలుస్తాడు, ఇంకా బిగుసుకుంటాడు. అప్పుడు చేయవలసింది చిన్న విరామంలో ముక్కు ద్వారా గాలి వదలడం. ఇంత చిన్న విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

ఏ పాట ఊపిరిని ఎటు లాగుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు, మనకు స్వరజ్ఞానం ఉంటే ఆ లెక్క మరీ సులువు. ఒకటో శ్రుతి, అంటే సి శ్రుతి, పది రంధ్రాల డయటోనిక్ (ఒకే శ్రుతిలోని ఏడు స్వరాలకు అమర్చిన రకం) తీసుకుందాం. నాలుగో రంధ్రంలో ఊదితే షడ్జం, పీలిస్తే రిషభం. ఐదులో ఊదితే గాంధారం, పీలిస్తే మధ్యమం. ఆరులో ఊదితే పంచమం, పీలిస్తే ధైవతం. ఏడులో మాత్రం వరుస తిరగబడి పీలిస్తే నిషాదం, ఊదితే పై షడ్జం. ఇది శంకరాభరణ రాగం. ఊదేవి నాలుగు, పీల్చేవి నాలుగు, ఊపిరి తూకంగా ఉంది. ఇదే వాద్యం మీద ఇదే షడ్జంతో మోహన రాగం వాయిస్తే ఆరోహణలో స, గ, ప, పై స ఊదాలి, రి, ద మాత్రమే పీల్చాలి. నాలుగు పోతాయి, రెండు వస్తాయి. మోహన పాట రెండు చరణాలు వాయించేసరికి గాలి అడుగంటడానికి కారణం మన తిత్తుల్లో లేదు, రాగంలో ఉంది. ఇప్పుడు వాద్యం మార్చకుండా షడ్జాన్ని మాత్రం ఆరో రంధ్రం ఊదే స్వరానికి, అంటే ఐదో శ్రుతికి, మార్చి చూడండి: ఆరు ఊదు, ఆరు పీల్చు, ఏడు పీల్చు, ఎనిమిది పీల్చు, ఎనిమిది ఊదు, తొమ్మిది ఊదు. అదే మోహన, కానీ ఈసారి మూడు పోతాయి, మూడు వస్తాయి. నాలుగో రంధ్రం పీల్చే స్వరాన్ని షడ్జం చేసుకుని రెండో శ్రుతిలో మధ్యమావతి వాయిస్తే కూడా సరిగ్గా మూడూ మూడే. అదే చోట మొదలుపెట్టి బాణాలు పట్టించుకోకుండా వరుసగా ఉన్న స్వరాలన్నీ వాయిస్తే ఖరహరప్రియ వస్తుంది. ఏ శ్రుతి వాద్యం కొనాలి, ఏ రంధ్రాన్ని షడ్జం చేసుకోవాలి అన్నవి పాడేవారి గొంతుకు సరిపడే ప్రశ్నలని అందరూ అంటారు. నా ఉద్దేశంలో అవి ముందుగా ఊపిరి ప్రశ్నలు.

ఊపిరి గురించి మన దగ్గర వినబడే రెండో సలహా ప్రాణాయామం. ప్రాణాయామం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, రోజూ చేస్తాను కూడా. అయితే పూరకం (పీల్చడం), రేచకం (వదలడం) మౌత్ ఆర్గాన్‌కు ఎంత కావాలో కుంభకం (బిగబట్టడం) అంత వద్దు. నేర్చుకునేవారిలో పదిమందికి తొమ్మండుగురు ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య తెలియకుండానే గొంతు మూసి ఊపిరి బిగబడతారు, తరువాతి స్వరానికి గొంతు ఒక్కసారిగా తెరుస్తారు. ఆ తెరుచుకున్న గాలి రీడు మీద దెబ్బలా పడుతుంది. గొంతు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఊపిరి దిశ మారేటప్పుడు ఉయ్యాల చివర దాకా వెళ్లి వెనక్కి తిరిగినంత సహజంగా తిరగాలి. దాన్ని ఆపవలసిన పని వస్తే ఆపేది నాలుక.

ఇంకొక చిన్న పరీక్ష చెప్పి ఊపిరి సంగతి వదిలేస్తాను. ఒక స్వరాన్ని పొడుగ్గా పీలుస్తూ వేళ్లతో ముక్కు మూయండి. నాదం ఉన్నట్టుండి నిండుగా మారితే, అప్పటిదాకా మీ గాలి సగం ముక్కులోంచి వస్తోందని అర్థం. కొండనాలుక దగ్గరి మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారి మూసుకోవాలి. ఆవలింత మొదలయ్యే క్షణంలో నోటిలో ఏం జరుగుతుందో అదే ఇక్కడ కావలసింది.

ఇక నాలుక. పది రంధ్రాల వాద్యానికి దొరికే పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే, అవి స్వరం మొదలుపెట్టడానికి ‘టూ’ అనో ‘టా’ అనో అనమంటాయి. ఇంగ్లీషు మాటాడేవాడు ఆ అక్షరాన్ని పలికేటప్పుడు నాలుక కొనను పై పళ్ల వెనుక గట్టి చిగురుకు తాకిస్తాడు. తెలుగు చెవికి ఆ ధ్వని ‘ట’గా వినబడుతుంది, టేబులు, టీవీ, టికెట్టు అన్నీ మనం మూర్ధన్యంగానే పలుకుతాం. అందువల్ల ఆ పాఠం చదివిన తెలుగువాడు నాలుకను వెనక్కి మడిచి అంగిలి మధ్యకు తాకిస్తాడు. నేను పదేళ్లు అలాగే తాకించాను. మడిచిన నాలుక నోటి గదిని రెండు ముక్కలు చేస్తుంది, గాలికి ఇరుకు దారి మిగులుతుంది. ఊదేటప్పుడు ఇది అంతగా తెలియదు. పీల్చేటప్పుడు, అందులోనూ రెండు, మూడు రంధ్రాల కింది స్వరాల దగ్గర, మొదటి క్షణం రీడు మూలిగినట్టయి శ్రుతి కిందికి జారి తరువాత పైకి ఎక్కుతుంది. ఆ మూలుగును అధిగమించడానికి మనం చేసేది ఇంకాస్త గట్టిగా లాగడం. రీడ్లు విరిగేది అక్కడే.

ఒక రాత్రి విసుగెత్తి, పుస్తకం పక్కన పడేసి, ‘తా తా తా’ అని చూశాను. దంత్యం. నాలుక కొన పై పళ్ల లోపలి అంచుకు తగిలి వెంటనే కిందికి వాలిపోయింది, నోటి గది మొత్తం ఖాళీగా మిగిలింది, స్వరం తలుపు తీసినట్టు వచ్చింది. అది గొప్ప ఆవిష్కరణేమీ కాదు. నాదస్వర సంప్రదాయంలో నాలుకతో స్వరాలను విడదీసే పద్ధతికి తుత్తుకారమనే పేరే ఉంది, ఆ పేరులోనే దంత్యమూ ఉంది. కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి రికార్డుల్లో వేగంగా సాగే స్వరాలు ఒకదానికొకటి అంటకుండా ముత్యాల్లా విడిపోయి వినిపించడం వెనుక ఆ నాలుక పని ఉంది. మనకు ఇంత దగ్గరగా ఉన్న విద్యను వదిలి పరాయి అక్షరాన్ని పట్టుకుని, అదీ తప్పుగా పట్టుకుని, నేను పదేళ్లు తిరిగాను.

దంత్యం కుదిరాక వర్ణమాలలోని మిగతా గళ్లు కూడా వాటంతట అవే తెరుచుకున్నాయి. మన పెద్దలు హల్లులను పేర్చింది అకారాది క్రమం కోసం మాత్రమే అనుకుంటే పొరబాటు. కంఠం నుంచి పెదవి దాకా నాలుక ఎక్కడ తాకుతుందో అది అడ్డు వరుసల పటం. ఎంత గాలితో, ఎంత మెత్తగా తాకుతుందో అది నిలువు వరుసల పటం. పెదవులు వాద్యాన్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి ప వర్గం మనకు పనికిరాదు. చ వర్గం రుద్దుకుంటూ వస్తుంది, రైలు ఆవిరికి తప్ప దాన్ని వాడను. ట వర్గం సంగతి చెప్పాను. మిగిలినవి త, క. వేగంగా ఒకే స్వరాన్ని పలకవలసినప్పుడు ఒక్క తకారంతోనే పని జరగదు, కొన తిరిగి లేచేలోపు సమయం మించిపోతుంది. త తరువాత క వేస్తే ముందు కొన, తరువాత మొదలు వంతుల వారీగా పనిచేస్తాయి. ‘తకతక’ అనగల నాలుక ఎవరిదైనా ఆ వేగాన్ని అందుకుంటుంది.

కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది అల్పప్రాణ మహాప్రాణ భేదం. పేరులోనే ప్రాణం, అంటే ఊపిరి, ఉంది. ‘త’ అన్నప్పుడు అరచేతిని నోటి ముందు పెట్టుకోండి, పెద్దగా గాలి తగలదు. ‘థ’ అన్నప్పుడు తగులుతుంది. ఇంగ్లీషువాడి మాట మొదటి ట్ లోనూ ఆ గాలి ఉబుకు ఉంటుంది, అందుకే వాళ్ల గురువులు తమ శిష్యులకు మెత్తగా పలకమని పదే పదే చెప్పవలసి వస్తుంది. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణాలు లేవు, మన నాలుక పుట్టుకతోనే అల్పప్రాణి. అయినా మౌత్ ఆర్గాన్ పట్టుకోగానే ఉత్సాహం కొద్దీ మనం త ను థ చేస్తాం, క ను ఖ చేస్తాం. ఆ ఉబుకే రీడును మొదటి క్షణంలో ఉక్కిరిబిక్కిరి చేసేది. దమ్ము పెట్టమన్న గురువుగారికి నేను ఇప్పుడు ఇవ్వగల మర్యాదైన జవాబు ఇదే: అయ్యా, వత్తు తీసేయండి.

అల్పప్రాణాల్లోనూ మళ్లీ పరుషాలు, సరళాలు ఉన్నాయి. క, త పరుషాలు. గ, ద సరళాలు. వాద్యం మీద గొంతు నాదం కలపం కాబట్టి ఇక్కడ తేడా స్పర్శ బరువులో మాత్రమే, కానీ ఆ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. పరుషంతో మొదలైన స్వరానికి అంచు ఉంటుంది, సరళంతో మొదలైనది జారుతూ వస్తుంది. ఒక సంగతిలో, అంటే పాటలోని ఒక స్వరాల వరుసలో, అన్ని స్వరాలనూ తకారంతో మొదలుపెడితే అది సుత్తితో మేకులు కొట్టినట్టుంటుంది. అన్నిటినీ దకారంతో మొదలుపెడితే నిద్ర వస్తుంది. దీనికి పరిష్కారం బడిలో విసుక్కుంటూ చదువుకున్న సరళాదేశ సంధిలో దొరికింది. ‘పూచెను’ తరువాత ‘కలువలు’ వస్తే ఆ కకారం గకారమై ‘పూచెనుగలువలు’ అవుతుంది; విడిగా నిలబడినప్పుడు పరుషంగా ఉన్నది ప్రవాహంలో పడ్డాక సరళమవుతుంది. సంగతి మొదటి స్వరానికి త, దాని వెంట వచ్చేవాటికి ద, మధ్యలో ఊపిరి దిశ మారే చోట అవసరమైతే మళ్లీ త. వ్యాకరణం రాసినవారికి నా మౌత్ ఆర్గాన్ తెలియదు, కానీ తెలుగు నోరు ఎలా నడుస్తుందో తెలుసు, నాకు కావలసింది కూడా అదే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అక్షరాలు పలికేది వదిలే గాలితో కదా, పీల్చే స్వరాలకు ఇవి ఎలా పనికివస్తాయి? పీలుస్తూ త అనడం మొదట్లో నిజంగానే వింతగా ఉంటుంది. కానీ పీలుస్తూ ధ్వని చేయడం మనకు తెలియనిదేమీ కాదు. గుంటూరు మిరపకాయ బజ్జీ కొరికిన ప్రతివాడూ ‘ఉస్స్’ అని లోపలికే అంటాడు, అయ్యో అని చప్పరించినప్పుడు వచ్చే ‘త్చ్’ కూడా లోపలికి లాగేదే. నేను మా అమ్మాయికి పీల్చే తకారం నేర్పింది ఆ కారం దారిలోనే: ముందు వాద్యం లేకుండా కారం తిన్నట్టు గాలి లోపలికి లాగించి, ఆ గాలి సాగుతుండగానే నాలుక కొనతో పళ్లను తట్టమన్నాను. నాకు నెలలు పట్టింది ఆ పిల్లకు ఒక సాయంత్రంలో వచ్చింది.

లయకు జతులు, అంటే తాళాన్ని నోటితో చెప్పే పలుకులు, ఉన్నాయి. పిల్లలు మొదట అడిగేది రైలే కాబట్టి దానితోనే మొదలుపెట్టవచ్చు: ఒకటి, రెండు, మూడు రంధ్రాలు కలిపి నోట పెట్టుకుని ‘తక’ అని రెండు తట్లు పీల్చి, ‘ధిమి’ అని రెండు ఊదితే రైలు కదులుతుంది, ఊపిరి తూకం తప్పదు కాబట్టి ఎంతసేపైనా నడుస్తుంది. (ధి లో వత్తు ఉందని ఎవరైనా పట్టుకుంటారని తెలుసు, నోటితో చెప్పేటప్పుడు ఉండనివ్వండి, వాద్యం మీద అది ది.) ఇదే ఖండగతిలో (ఐదేసి అక్షరాల నడకలో) ‘తక తకిట’ అని రెండు ఊది మూడు పీలిస్తే ఆవర్తానికి, అంటే ప్రతి చుట్టుకూ, ఒక పీల్పు చొప్పున మిగులుతూ పోయి, కాసేపటికి ఛాతీ పగిలేటట్టు ఉంటుంది. అందుకని ఒక ఆవర్తంలో రెండు ఊది మూడు పీల్చి, తరువాతి ఆవర్తంలో రెండు పీల్చి మూడు ఊదాలి. ఊపిరి లెక్క తాళం లెక్కతో కలిసిపోయే ఈ చోటు నాకు మౌత్ ఆర్గాన్ అంతటిలో అత్యంత ఇష్టమైనది.

హల్లులతో స్వరం మొదలవుతుంది, అచ్చులతో అది రూపు దిద్దుకుంటుంది. పది రంధ్రాల డయటోనిక్‌లో ఒక్కొక్క గదిలో ఊదే రీడు ఒకటి, పీల్చే రీడు ఒకటి ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి నుంచి ఆరు రంధ్రాల దాకా పీల్చే స్వరం ఊదే స్వరం కంటే పైన ఉంటుంది. పీలుస్తూ నోటి లోపలి ఆకారాన్ని ‘ఈ’ నుంచి ‘ఊ’ వైపు, కింది రంధ్రాల్లో అయితే ఇంకా వెనక్కి ‘ఓ’ వైపు మార్చుకుంటూ పోతే, నోటి గది పెద్దదై, స్వరం కిందికి వంగుతుంది. ఎంతవరకూ వంగుతుందన్నది ఆ రెండు రీడ్ల మధ్య ఉన్న దూరం నిర్ణయిస్తుంది: నాలుగు, ఆరు రంధ్రాల్లో అర స్వరం, రెండులో ఒక స్వరం, మూడులో ఒకటిన్నర. ట్రెమొలోలో ఒకే గదిలో ఎదురు రీడు ఉండదు కాబట్టి ఈ పని జరగదు. నుమాయిష్ వాద్యంతో నేను చిన్నప్పుడు ఎంత తంటాలు పడినా స్వరం వంగకపోవడంలో నా తప్పు లేదని తెలిసి ఊరట కలిగింది. వంచడం కూడా బలంతో చేసే పని అనుకోవడం సర్వసాధారణం. గట్టిగా లాగితే రీడు మూగబోతుంది. అచ్చు మారితే చిన్న ఊపిరికే వంగుతుంది.

ఈ నాలుగు, ఆరు రంధ్రాల అర స్వరమే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి వరం. సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళకు శంకరాభరణంతో ఉన్న తేడా రెండే స్వరాలు, శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం; రెండూ శంకరాభరణంలోని వాటికంటే అర స్వరం కింద ఉంటాయి. సి శ్రుతి వాద్యంలో రిషభం నాలుగో రంధ్రం పీల్పు, ధైవతం ఆరో రంధ్రం పీల్పు, రెండూ వంగగలిగినంత వంగితే సరిగ్గా శుద్ధ స్వరాల దగ్గర ఆగుతాయి. జర్మన్ జానపద పాటల కోసం అమర్చిన రీడ్లలో పురందరదాసు గారి మొదటి పాఠం దాగి ఉండడం యాదృచ్ఛికమే, కానీ ఎంత అందమైన యాదృచ్ఛికం!

హార్మోనియం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికించడం, కుదరదన్న ఆక్షేపణ పాతది. 1940లో ఆలిండియా రేడియో ఆ వాద్యాన్ని స్టూడియోల నుంచి బహిష్కరించి మూడు దశాబ్దాలు దూరంగా ఉంచింది. పద్యనాటకాల వాళ్లు మాత్రం దాన్ని వదలలేదు. మౌత్ ఆర్గాన్ కూడా అదే స్వేచ్ఛా రీడు కుటుంబానిది కాబట్టి ఆ నింద దీనికీ తగిలించేవారున్నారు. రెండింటికీ తేడా ఒక్కటే: హార్మోనియం తిత్తికి నాలుక లేదు. అలాగని మౌత్ ఆర్గాన్ మీద తోడి గాంధారం వీణ మీద పలికినట్టు పలుకుతుందని నేను అనను, అనేవారిని నమ్మను. ఊదే స్వరాలు మధ్య సప్తకంలో వంగవు, పంచమం అక్కడ మేకులా ఉంటుంది. వంగే చోట వంచి, వంగని చోట నిలకడగా నిలిపి, ఆ వాద్యానికి తగిన రాగాలు ఎంచుకోవడం ఒక్కటే దారి.

సంగీతానికి భాష లేదు, నువ్వు వర్ణమాల ఎందుకు తెస్తున్నావని నా మిత్రుడొకరు వాదించారు. మౌత్ ఆర్గాన్ మీద షికాగో బ్లూస్ అనే అమెరికా నల్లజాతి సంగీతం వాయించిన లిటిల్ వాల్టర్ ఏ వ్యాకరణం చదివాడని ఆయన ప్రశ్న. సంగీతానికి భాష లేకపోవచ్చు, నాలుకకు ఉంది. లిటిల్ వాల్టర్ నాలుక లూసియానాలో పెరిగిన నాలుక. అది తన అలవాట్లతోనే వాద్యం మీదికి వచ్చింది, అందుకే ఆ సంగీతం ఆయన మాటలా వినిపిస్తుంది. మన నాలుక మన అలవాట్లతో వస్తుంది. వాటికి పేర్లు మనకు ముందే ఉన్నప్పుడు, ఇంగ్లీషు అక్షరాన్ని తెలుగు చెవితో విని, తెలుగు నోటితో తప్పుగా పలికి, ఆ తప్పును దమ్ముతో సరిదిద్దుకోవాలని చూడడంలో అర్థం లేదు.

ప్రస్తుతం నా సాధన జంట వరుసల దగ్గర ఉంది. సస రిరి గగ మమ. ప్రతి జంటకూ ఊపిరి ఒక్కటే. మొదటి స్వరాన్ని త, రెండోదాన్ని కొంచెం ఎక్కువ బరువుతో మళ్లీ త, మధ్యలో గాలి తెగకూడదు. మాయామాళవగౌళలో రిరి దగ్గర ఇంకొక చిక్కు ఉంది: నాలుక కొన పళ్లను తట్టి కిందికి వాలేటప్పటికే దాని వెనుక భాగం ‘ఊ’ స్థానంలో సిద్ధంగా ఉండాలి, లేకపోతే ముందు వంగని చతుశ్శ్రుతి రిషభం పలికి తరువాత శుద్ధ రిషభానికి జారుతుంది. మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, ఇప్పుడు జారడం లేదు. దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో రిషభం నిలుస్తోంది, ఆరో రంధ్రం ధైవతం మాత్రం పదిలో నాలుగుసార్లు జారుతోంది. ఎనిమిదో మౌత్ ఆర్గాన్ కొని మూడేళ్లు దాటింది. నాలుగో రంధ్రం ఇంకా శ్రుతిలోనే ఉంది.